బెల్లం వ్యాపారి జీవితం రాయాలంటే కొట్టుతో మొదలుపెట్టండి

నమస్కారం అమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తాతగారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేశారు. మునిసిపల్ కౌన్సిలర్‌గా, ఒక గుడికి ధర్మకర్తగా, వర్తక సంఘంలో పెద్దగా ఉన్నారు. వచ్చే ఏడాది ఆయన శతజయంతికి ఒక పుస్తకం తేవాలని మీ కోరిక. చేతిలో ఉన్నవి ట్రంకు పెట్టెడు పాత ప్రామిసరీ నోట్లు, కొన్ని లెక్కల పుస్తకాలు, సన్మానపత్రాలు, ఫొటోలు. బంధువులు రాసిచ్చిన వ్యాసాలన్నీ ఒకేలా ఉన్నాయన్నారు. వడ్డీల సంగతి రాస్తే పరువు పోతుందని మీ బాబాయిగారు అభ్యంతరం చెబుతున్నారన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది రాయాలి, ఏది వదిలేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లు ఒక పత్రికకి ఉత్తరాంధ్ర చిన్న పట్టణాల నుంచి వార్తలు రాశాను. ఆ పరిచయాలతోనే తర్వాత కొన్ని కుటుంబాలకు ఇలాంటి స్మారక సంచికలు తయారుచేయడంలో సాయపడ్డాను. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపించిన ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారి లాంటి పారిశ్రామికవేత్తల గురించి రాయాలంటే కంపెనీ నివేదికలు ఉంటాయి, పత్రికల్లో వ్యాసాలు ఉంటాయి. ఒక గుమాస్తాని, నలుగురు కళాసీలని (బరువులు మోసే కూలీలని) పెట్టుకుని కొట్టు నడిపిన మనిషికి అవేవీ ఉండవు. ఆయన్ని ఎరిగినవాళ్లు పోతే ఆయన కథ కూడా పోతుంది. అందుకని మీ పుస్తకం మీ ఇంటికే కాదు, మీ ఊరికీ అవసరం అనుకుని ఈ సమాధానం వివరంగా రాస్తున్నాను.

నేను చూసిన సంచికల్లో తొంభై పాళ్లు ఒకే దారిలో నడుస్తాయి. "స్వయంకృషితో వ్యాపారంలో ఉన్నత శిఖరాలు అధిరోహించి" అని ఒక్క వాక్యంలో నలభై ఏళ్ల కొట్టు ముగిసిపోతుంది. ఆ తర్వాత పుస్తకమంతా దానాలు, పదవులు, శాలువాలు. చదివేవాడికి ఆయన ఏం అమ్మాడో, ఎలా అమ్మాడో తెలియదు. అసలు ఊరి జనం తగవు తీర్చమని ఈయన దగ్గరికే ఎందుకు వచ్చారన్నది అంతకన్నా తెలియదు. నా అనుభవంలో చిన్న పట్టణపు వర్తకుడి పెద్దరికం కొట్టులో పుడుతుంది. ఏ ఊరి రైతు ఎలాంటివాడు, ఎవరింట్లో పెళ్లి ఉంది, ఎవరి చెరకు నీళ్లు లేక ఎండింది, ఎవరి మాట నిలబడుతుంది అన్నది ఆయనకి తెలుసు. ఎన్నికలప్పుడు ఓట్లు పడింది ఆ పరిచయానికే. కాబట్టి వ్యాపారాన్ని పరిచయ వాక్యంగా తోసేయకండి. పుస్తకంలో మూడోవంతు దానికే ఇవ్వండి. మిగతా జీవితం అందులోంచే నడుస్తుంది.

మీకు అదృష్టవశాత్తూ మంచి సరుకు దొరికింది. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చుట్టూ కశింకోట, మునగపాక, చోడవరం, బుచ్చెయ్యపేట, యలమంచిలి వైపు ఊళ్లన్నీ చెరకు పండించినవే. 1913లోనే అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. చెరకు రకాల మీద అది చేసిన పని ఆ ప్రాంతపు రైతుకి బాగా తెలుసు. ఏటికొప్పాక, తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలు కూడా పాతవే. ఇది పుస్తకంలో ఎందుకంటే, రైతు ప్రతి ఏడూ రెండు దారుల మధ్య తేల్చుకోవాలి. చెరకు ఫ్యాక్టరీకి తోలితే ధర ముందే తెలుస్తుంది, డబ్బు మాత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. గానుగ ఆడించి బెల్లం వండితే ధర మార్కెట్ దయ, కానీ చేతికి డబ్బు తొందరగా అందుతుంది. ఆ తొందరగా అందించే మనిషే కమీషన్ వ్యాపారి. ఈ సంగతి చెప్పకుండా మీ తాతగారి గురించి ఎంత రాసినా ఆయన చేసిన పని పాఠకుడికి అర్థం కాదు.

కమీషన్ వ్యాపారి సరుకు కొనడు, అమ్మిపెడతాడు. మీ హైదరాబాదు స్నేహితులకే కాదు, మీ ఇంటి పిల్లలకి కూడా ఈ తేడా చెప్పాల్సి ఉంటుంది. రైతు బెల్లం దిమ్మలు తెచ్చి కొట్టులో దించుతాడు. రంగు, గట్టిదనం చూసి కొనుగోలుదార్లు వేలం పాట పాడతారు. కొలగార్లు తూకం వేస్తారు, కళాసీలు మోస్తారు. సరుకు ఒడిశాకో బెంగాలుకో వెళ్తుంది. అక్కడి వ్యాపారి డబ్బు పంపేలోగా ఇక్కడ రైతుకి డబ్బు ఇచ్చేయాలి. ఆ మధ్య కాలం భారం అంతా కమీషన్ వ్యాపారి మీద పడుతుంది. దూరాన ఉన్న వ్యాపారి డబ్బు ఎగ్గొడితే మునిగేది ఈయనే. మీ తాతగారికి అలా ఎప్పుడైనా జరిగిందా అని కుటుంబంలో పెద్దవాళ్లని అడగండి. జరిగే ఉంటుంది. ఆ ఏడాది ఆయన ఏం అమ్ముకుని రైతులకి డబ్బు కట్టారో తెలిస్తే, అది పది సన్మానాల కన్నా ఎక్కువ చెబుతుంది. కట్టలేకపోయినా రాయండి.

ఇప్పుడు లెక్కల పుస్తకాలు. చిట్టా అంటే ఏ రోజుకారోజు చిత్తుగా రాసుకున్నది. రోకడ నగదు పుస్తకం. ఆవర్జాలో మనిషి మనిషికీ విడిగా ఖాతా ఉంటుంది. మీకు ముందుగా కావలసింది ఆవర్జా. ఒక్కో పేరు కింద ఏళ్ల తరబడి జమాఖర్చులు కనిపిస్తాయి కాబట్టి ఎవరితో ఎంతకాలం సంబంధం నడిచిందో తెలుస్తుంది. పేజీ తలమీద "శ్రీ", పసుపు బొట్టు ఉన్న పేజీ కొత్త సంవత్సరపు లెక్క మొదలైన చోటు. కొందరు ఉగాదికి, కొందరు దసరాకో దీపావళికో కొత్త పుస్తకం తెరిచేవారు. మీ తాతగారు ఏ పండక్కి తెరిచారో చూసుకోండి. లేకపోతే ఆదాయాలు ఒక ఏడాదివి ఇంకో ఏడాదిలో పడతాయి.

పాత పుస్తకాల్లో మిమ్మల్ని తికమక పెట్టేవి మూడు. మొదటిది డబ్బు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. మూడు గడుల్లో రాసిన అంకెలు అవే. ఆ తేదీ తర్వాత కొన్నాళ్లు నయాపైసలు అని ఉంటుంది. రెండోది తూకం. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా వచ్చాయి. అంతకు ముందు మణుగులు, వీశెలు, పలాలు. వీశెకి 40 పలాలు, మణుగుకి 8 వీశెలు, అంటే మణుగు సుమారు పదకొండు కిలోల పైచిలుకు. కిలో లెక్క పక్కన పెట్టి అదే పాత మాటతో రాయండి, మొదటిసారి వచ్చినచోట మాత్రం కిలోల్లో ఎంతో చెప్పండి. మూడోది సంవత్సరం పేరు. ప్రభవ అని ఉంటే అది 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. సర్వజిత్తు 1947-48, దుర్ముఖి 1956-57. అరవై ఏళ్ల తేడా పొరపాటున రాకుండా కాగితాన్ని, సిరాని, తూకాన్ని చూసి తేల్చుకోవాలి.

పుస్తకాలు ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. చిరిగిన చోట సెల్లో టేపు వేయకండి, లామినేషన్ అసలు చేయించకండి. కిటికీ పక్కన పగటి వెలుగులో ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసి, పుస్తకం పేరు, పేజీ నంబరు ఫైలు పేరులోనే పెట్టుకోండి. అసలు పుస్తకాలు పొడిగా ఉండే బీరువాలో ఉంచండి.

ఇక మీ బాబాయిగారిని టెన్షన్ పెడుతున్న ప్రామిసరీ నోట్లు. నా ఉద్దేశంలో ఆ ట్రంకు పెట్టే మీ పుస్తకానికి ప్రాణం.

1969లో 14 బ్యాంకులను జాతీయం చేసేదాకా పల్లెటూరి రైతు బ్యాంకు గడప తొక్కడం అరుదు. సహకార సంఘం ఉన్న చోట కొంత నయం. లేనిచోట నాట్లకి, ఎరువుకి, గానుగ కూలికి, కూతురి పెళ్లికి డబ్బు ఇచ్చింది మార్కెట్లో కొట్టే. ఇచ్చినవాడి కొట్టుకే సరుకు తేవాలన్నది కట్టుబాటు. ఇందులో రైతుకి మేలూ ఉంది, కట్టిపడేయడమూ ఉంది. ఎక్కువ ధర ఇచ్చే కొట్టుకి వెళ్లే స్వేచ్ఛ అప్పున్నవాడికి ఉండదు. ఈ రెండూ ఒకే పేరాలో రాయండి. ఒకటి దాచి ఒకటి చెబితే ఊళ్లో తెలిసినవాడెవడూ మీ పుస్తకాన్ని నమ్మడు.

నోటు ఎలా చదవాలో చెబుతాను. ముందు తేదీ, అప్పు మొత్తం, వడ్డీ. "నూటికి నెల 1కి రూపాయి" అంటే ఏడాదికి పన్నెండు శాతం. రూపాయిన్నర, రెండు రూపాయలు కూడా కనిపిస్తాయి. కింద రెవెన్యూ స్టాంపు మీద సంతకమో వేలిముద్రో, పక్కన సాక్షులు, చివర దస్తూరి, అంటే నోటు రాసినవాడి పేరు. ఒకే దస్తూరి పేరు ఏళ్ల తరబడి కనిపిస్తే ఆయనే గుమాస్తా అయ్యుండొచ్చు. ఆయన కుటుంబాన్ని వెతకండి. నోటు వెనక్కి తిప్పితే చెల్లు వేసిన వివరాలు ఉంటాయి, ఏ తేదీన ఎంత కట్టాడో, ఎవరి సంతకమో.

అసలు సంగతి ఇక్కడుంది. ప్రామిసరీ నోటు చట్టప్రకారం మూడేళ్లకి కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దాని మీద దావా చెల్లదు. ఆ లోపల చెల్లు వేయించుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి, లేదా కోర్టులో దావా వేయాలి. పట్టుబట్టి వసూలు చేసే వ్యాపారి మూడో ఏడు నిండకముందే రైతు ఇంటికి మనిషిని పంపుతాడు. అప్పు తీరిన నోటు రైతుకి తిరిగి ఇచ్చేస్తారు, లేదా అడ్డంగా గీత కొట్టి చింపేస్తారు. మరి మీ పెట్టెలో గీత లేకుండా, చెల్లు లేకుండా, తిరగరాయకుండా మిగిలిపోయిన నోట్లు ఏమిటి? వసూలు కానివి. వాటిలో కొన్ని ఆయన వదిలేసినవి. ఏవి వదిలేశారు, ఏవి వదలక తప్పలేదు అన్నది నోటొక్కటే చెప్పదు. ఆవర్జాలో అదే పేరు వెతకండి. ఆ తర్వాత కూడా ఆ రైతు సరుకు ఈ కొట్టుకే వస్తూ ఉంటే, అప్పు అడగకుండానే సంబంధం నిలిచిందన్నమాట. దావా వేసి ఉంటే వకీలు ఫీజు రోకడలో పడుతుంది. పొలం రాయించుకుని ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు ఉంటుంది. 1983 తర్వాతి లావాదేవీలకి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందువాటికి ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు పెట్టాలి.

అలా పొలాలు వచ్చిన దాఖలా దొరికితే ఏం చేయాలి? దొరికింది దొరికినట్టు, ఏ ఏడాది, ఎంత అప్పుకి, ఎన్ని ఎకరాలో రాయండి. ఆనాటి రివాజు అదేనని సమర్థించనక్కరలేదు, మన ఇప్పటి న్యాయంతో తీర్పు చెప్పనూ అక్కరలేదు. బాకీ పడిన కుటుంబాల పేర్లు మాత్రం ఎక్కడా అచ్చువేయకండి, నోటు ఫొటో వేస్తే పేరు, ఊరు, వేలిముద్ర కప్పేయండి. వాళ్ల మనవలు ఇవాళ అదే ఊళ్లో ఉన్నారు. బాబాయిగారికి ఈ హామీ ముందే ఇవ్వండి. ఆయన భయంలో సగం అక్కడే తగ్గుతుంది. ఇంకో మాట, పెట్టెలో మరీ పాత నోట్లు మీ తాతగారి తండ్రి నాటివి అయ్యుంటాయి. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చి పాత అప్పుల మీద వడ్డీ తగ్గించింది. ఆ కాలపు నోట్ల మీద కొత్తగా లెక్క కట్టిన గుర్తులు ఉంటే కారణం అదే.

దానధర్మాల అధ్యాయానికి వస్తే, మీరు పంపిన సత్రం శిలాఫలకం పాఠంలో మీ తాతగారి పేరు ఒక్కటే ఉంది. రోకడలో "ధర్మం" అనో "ధర్మాదా" అనో ఒక ఖాతా ఉందేమో చూడండి. పాతకాలపు మార్కెట్లలో అమ్మకం మీద, బస్తాకో దిమ్మకో ఇంత అని, ధర్మం కింద కొద్దిగా పట్టుకునేవారు. ఆ డబ్బుతో గుడి ఉత్సవాలు, సత్రాలు, బళ్లు, చలివేంద్రాలు నడిచాయి. అది వ్యాపారి సొంత ఆదాయమా కాదా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో అలా ధర్మానికని వేరుగా వసూలు చేసిన సొమ్ము వ్యాపారి ఆదాయం కిందికి రాదని తీర్పు వచ్చింది. మీ సత్రం ఈ ఖాతాలోంచి కట్టినదైతే, దాని గోడల్లో మునగపాక రైతు దిమ్మ కూడా ఉంది. మీ తాతగారు ఆ డబ్బుని కాపాడారు, పోగు చేశారు, సరైన చోట ఖర్చుపెట్టారు, దగ్గరుండి కట్టించారు. అదే గొప్ప పని. దాన్ని ఆ మాటలతోనే చెప్పండి. సొంత జేబులోంచి ఇచ్చినవి ఏమైనా ఉంటే విడిగా రాయండి. ఈ రెండూ విడదీసి రాసిన సంచిక నాకు ఇంతవరకూ కనబడలేదు. మీరు రాస్తే చాలా సంతోషిస్తాను.

1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చాక మార్కెట్ కమిటీలు, లైసెన్సులు, మార్కెట్ రుసుము వచ్చాయి, ఇష్టమొచ్చిన కోతలకి అడ్డుకట్ట పడింది. ఈ మార్పుని మీ తాతగారు ఎలా తీసుకున్నారో, వర్తక సంఘం తరఫున ఏం మాట్లాడారో తెలుసుకోవడం ముఖ్యం. వర్తక సంఘం మినిట్స్ పుస్తకం ఎవరి ఇంట్లోనో ఉంటుంది, వెతకండి. కొలగార్లు, కళాసీలు కూలి పెంచమని సమ్మె చేసిన సందర్భాల్లో సంఘం పెద్దగా ఆయన ఏ పక్షాన నిలబడ్డారన్నదీ రాయాలి. వ్యాపారుల పక్షానే నిలబడి ఉంటారు, అది సహజం. అయినా సమ్మె నాలుగో రోజున ఏం జరిగింది, ఎంత కూలి దగ్గర రాజీ కుదిరింది, మాట ఎవరు ముందు కలిపారు అన్నది కూలివాళ్ల నోట వినండి.

బెల్లం వ్యాపారం గురించి రాసేవాళ్లు తప్పించుకునే ఇంకో విషయం నల్లబెల్లంతో కాసే నాటుసారా. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి మద్యనిషేధం అన్ని జిల్లాలకీ వచ్చింది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఆ మద్యనిషేధం తగవు మీదే పడిపోయింది. మళ్లీ 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో ఎత్తివేత. ఇలాంటి ప్రతి కాలంలోనూ నల్లబెల్లం ఎటు పోతోందని అధికారుల కన్ను మార్కెట్ మీద పడింది. నిజాయితీగా వ్యాపారం చేసినవాళ్లు కూడా తనిఖీలు ఎదుర్కొన్నారు. మీ తాతగారు నల్లబెల్లం అమ్మకం విషయంలో ఏ పద్ధతి పాటించారో గుమాస్తాల్ని అడగండి. చెప్పడానికి ఏమీ దొరక్కపోతే ఆ కాలం మార్కెట్ ఎలా ఉండేదో నాలుగు వాక్యాలు రాసి వదిలేయండి.

ప్రజాజీవితం సంగతి తొందరగా చెబుతాను, ఎందుకంటే దీనికి కాగితాలు దొరుకుతాయి. అనకాపల్లి మునిసిపాలిటీ తర్వాత గ్రేటర్ విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది కాబట్టి కౌన్సిల్ తీర్మానాల పుస్తకాల కోసం అక్కడ అడగాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏ ఏడాది, ఏ వార్డు అని నిర్దిష్టంగా అడగండి. ఊరికే "మా తాతగారి వివరాలు" అంటే దొరకలేదని రాసేస్తారు. "పదేళ్లు కౌన్సిలర్" అని ఇంట్లో చెప్పుకునే లెక్కని సరిచూసుకోండి. మన మునిసిపాలిటీల్లో ఎన్నికలు జరగక స్పెషల్ ఆఫీసర్లు నడిపిన కాలాలు చాలా ఉన్నాయి, వార్డు నంబర్లు కూడా మారాయి. తీర్మానాల్లో ఆయన ప్రతిపాదించినవి, బలపరిచినవి, వ్యతిరేకించినవి మూడూ ఎత్తి రాసుకోండి. వ్యతిరేకించినవే మనిషిని ఎక్కువ పట్టిస్తాయి. ధర్మకర్త నియామకాలు, గుడి లెక్కలు దేవాదాయ శాఖ దగ్గర దొరుకుతాయి.

పత్రికల విషయానికి వస్తే, 1974 ఆగస్టులో ఈనాడు విశాఖపట్నంలోనే మొదలైంది. ఆ తర్వాతి ఊరి వార్తలకి అది మంచి ఆధారం. అంతకు ముందువాటికి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ చూడాలి. పాత తెలుగు పత్రికలు చాలావరకు ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలో పెట్టింది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలోనూ పాత సంచికలు ఉన్నాయి. 1953 అక్టోబరు 1కి ముందు మనది మద్రాసు రాష్ట్రం కాబట్టి అప్పటి ప్రభుత్వ కాగితాలు కొన్ని చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి, కానీ మీకు అంత దూరం వెళ్లే పని ఉండకపోవచ్చు.

ఏ సంఘటనల చుట్టూ వెతకాలో కూడా చెబుతాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పట్నం విడిచి జనం లోపలి ఊళ్లకి తరలిపోయారు. అప్పుడు మీ తాతగారు పదిహేనేళ్ల కుర్రాడు. ఆ రోజుల్లో ఇంటికి ఎవరెవరు వచ్చి తలదాచుకున్నారో మీ తాతగారి చెల్లెళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే చెప్పగలరు. 1966 నవంబరు 1న విశాఖ ఉక్కు కోసం జరిగిన కాల్పులు, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం. ఈ రెండింటిలోనూ దుకాణాలు మూతపడ్డాయి. వర్తక సంఘం పెద్దగా ఆయన కొట్లు మూయించారా, మూసినవాళ్ల నష్టం ఎలా సర్దారు, సరుకు పాడైన రైతుకి ఎవరు సమాధానం చెప్పారు అని అడగండి.

మనుషులతో మాట్లాడటం ఈ వారమే మొదలుపెట్టండి, కాగితాలు ఆగుతాయి. ముందుగా మీ మామ్మగారు. కమీషన్ కొట్టు నడిచిందంటే దాని వెనక ఒక వంటిల్లు నడిచినట్టు. రాత్రి బండ్లు తోలుకొచ్చిన రైతుకి తెల్లవారి చద్దన్నమో టిఫినో పెట్టింది ఎవరు? తాతగారు ఊళ్లో లేనప్పుడు బాకీ కట్టడానికి వచ్చినవాడి డబ్బు లెక్కపెట్టి తీసుకుంది ఎవరు? ఆడవాళ్లు కష్టానికి తాతగారిని నేరుగా అడగలేక మామ్మగారి ద్వారా అడిగిన అప్పులు ఎన్ని? ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. సన్మానపత్రంలో "సహధర్మచారిణి" అన్న ఒక్క మాటతో సరిపెట్టిన మనిషికి మీ పుస్తకంలో సొంత అధ్యాయం ఇవ్వండి.

తర్వాత గుమాస్తాలు, కళాసీలు, రైతుల పిల్లలు, ఆఖరున బంధువులు. "మా తాతగారు ఎలాంటివారు?" అని ఎవర్నీ అడగకండి. "దేవుడండీ" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. సరుకు ఏ వేళకి తెచ్చేవారు, కాటా ఎవరు చూసేవారు, తేమ ఉందని తరుగు ఎంత తీసేవారు, డబ్బు అదే రోజు ఇచ్చేవారా, రేటు నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకెళ్లనిచ్చేవారా, కోపం వస్తే ఏమనేవారు. ఇలా చేత్తో ముట్టుకునే ప్రశ్నలు వేస్తే, మనిషి తనంతట తనే బయటికి వస్తాడు. ఒకసారి ఒక కుటుంబం కోసం ఓ పెద్ద కళాసీతో మాట్లాడుతుంటే, పొగడ్తలన్నీ అయ్యాక ఆయన నెమ్మదిగా, "బాబు మంచివాడే గానీ పండగ బోనస్ ఎప్పుడూ అడిగించుకునే ఇచ్చేవాడండి" అన్నాడు. కుటుంబం మొదట నొచ్చుకుంది. తర్వాత వాళ్లే ఆ వాక్యం ఉంచమన్నారు. ఆ పుస్తకంలో ఊళ్లో అందరూ గుర్తుపెట్టుకున్నది అదే.

బంధువుల వ్యాసాల సంగతి. అజాతశత్రువు, దానకర్ణుడు, మృదుభాషి, ఇలాంటి విశేషణాలన్నీ పెన్సిలుతో చుట్టండి. ప్రతి చుట్టు దగ్గరా రాసినవాళ్లకి ఫోన్ చేసి, "బాబాయ్, ఆయన మృదుభాషి అన్నారు కదా, మీరు చూసిన ఒక సందర్భం చెప్పండి" అని అడగండి. సందర్భం దొరికితే విశేషణం తీసేసి సందర్భం పెట్టండి. దొరక్కపోతే విశేషణం కూడా తీసేయండి. రాసినవాళ్లు నొచ్చుకుంటారన్న భయం అక్కర్లేదు, చాలామందికి ఆ ఫోన్‌లోనే అసలు జ్ఞాపకాలు పొంగుకొస్తాయి. నాయకుల సందేశాలు పుస్తకం ముందు వేయకండి, తప్పనిసరైతే చివర వేయండి. మంత్రిగారితో దిగిన ఫొటో ఒకటి చాలు. కొట్టు ముందు, కాటా పక్కన, దిమ్మల వరస దగ్గర ఉన్న ఫొటో ఎంత మసకగా ఉన్నా పెద్దదిగా వేయండి. ఫొటోలో ఉన్న కళాసీల పేర్లు కూడా అడిగి, వాళ్ల ఇళ్లవాళ్ల అనుమతితో కింద వేయండి.

బాబాయిగారి మాటకి ఒక దారి చెబుతాను. వడ్డీ అధ్యాయం మీరొక్కరే రాసేసి, తీరా అచ్చుకి వెళ్లే ముందు ఆయనకి చూపించే పద్ధతి వద్దు. ట్రంకు పెట్టె ఆయనతో కలిసి తెరవండి. చేతిరాతలు ఆయనకి మీకన్నా బాగా తెలుసు. తండ్రి చేత్తో రాసిన లెక్క ఆయన చదివి వినిపిస్తూ ఉంటే మీరు రాసుకోండి. ఆయనకి అభ్యంతరమైన చోట కారణం అడగండి. ఇంకా బతికి ఉన్న మనిషికి నష్టం కలిగే విషయమైతే ఆయన మాటే వినండి. కేవలం మన ఇంటి గొప్ప తగ్గుతుందన్న కారణమైతే నిలబడి మాట్లాడండి, మీరు ఆ ఇంటి ఆడపిల్ల, మీకా హక్కు ఉంది.

పుస్తకం డెమ్మీ సైజులో నూరు పేజీలు దాటకుండా చూసుకోండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉచితంగానే ఇస్తారు, దరఖాస్తు పెట్టుకోండి. చట్టప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి కాపీలు పంపాలి, అది మర్చిపోకండి. అనకాపల్లి శాఖా గ్రంథాలయానికి, మార్కెట్ కమిటీ ఆఫీసుకి, వర్తక సంఘానికి, కొలగార్ల సంఘానికి తలా రెండు ఇవ్వండి. ప్రెస్‌కి పంపే ముందు తెలుగు చక్కగా వచ్చిన వాళ్లతో పాటు, మీ తాతగారి దగ్గర పనిచేసిన గుమాస్తా ఎవరైనా ఉంటే ఆయనకి మొత్తం చదివి వినిపించండి. మణుగు లెక్కలు, రైతుల ఊళ్లు, ఎవరి తర్వాత ఎవరు కొట్టులో చేరారన్నది ఆయన సరిదిద్దినట్టు ఇంకెవరూ సరిదిద్దలేరు. నోట్ల మీద చేతిరాత ఎక్కడైనా పడకపోతే పేరు, ఊరు కప్పేసి ఆ ముక్క ఫొటో ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.